అంటుకుపోయిన ఆరు పేజీలు

ఆ ఇంట్లో ఉదయం ఏడున్నరకి ఇస్త్రీపెట్టె వేడెక్కలేదంటే గడియారం ఆగిపోయిందేమో చూసుకోవాలి. నాయనమ్మ ఉద్యోగం విరమించి తొమ్మిదేళ్లయింది కానీ, ఆ సంగతి ఆవిడ చేతులకి ఎవరూ చెప్పినట్టు లేదు. పెద్దాసుపత్రి ఉతుకుగదిలో ముప్పై ఒక్క ఏళ్లు దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన మనిషి. అక్కడ అందరూ ఆవిడని దుప్పట్లమ్మ అనేవారు. ఇప్పుడు ఇంట్లో కొడుకు చొక్కాలూ మనవరాలి బడి బట్టలే మిగిలాయి. అవి ఎంత సేపు? పది నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత తుడుచుకునే తువాళ్లు కూడా ఇస్త్రీ చేసేది.

"అత్తయ్యా, మసిగుడ్డకి కూడా ఇస్త్రీ ఏంటండీ, దానికేమన్నా పెళ్లిచూపులా?" అంది కోడలు, టీ కప్పు పక్కన పెడుతూ.

"శుభ్రంగా ఉంటే నీ సొమ్మేం పోయిందమ్మాయ్," అంది నాయనమ్మ.

మనవరాలికి పదిహేనేళ్లు. దాన్ని బడిలో ఏ పేరుతో పిలిచినా ఇంట్లో మాత్రం పిడుగే. నాలుగో ఏట ఇరుగింటి అద్దం పగలగొట్టిన రోజున నాయనమ్మ పెట్టిన పేరది, తర్వాత ఏ పిల్లా ఆ పేరుకి అంత న్యాయం చేసి ఉండదు. ఆ రోజు పిడుగు బ్రెడ్డు ముక్క నోట్లో కుక్కుకుంటూ అసలు విషయం బయటపెట్టింది.

"నాయనమ్మా, ఇవాళ మా క్లాసులో నీ పుస్తకం మీద చర్చ. క్లాసులో చదవడానికి పనికొస్తుందా రాదా అని. మా టీచరు ఈ ఏడు వారానికో భాగం చదివిద్దామనుకున్నారు. ఎవరో పేరెంటు వద్దని ఉత్తరం రాశారట. పిల్లల లేత మనసులు దెబ్బతింటాయట. అందుకని మమ్మల్నే తేల్చమన్నారు."

బల్ల అవతల నాన్నకి టీ పొలమారింది. ఆయన ఒక బీమా ఆఫీసులో బ్రాంచి మేనేజరు. ఆ పుస్తకం పేరెత్తితే ఆయనకి ఏదో ఒకటి అడ్డం పడుతుంది.

నాయనమ్మ మాత్రం నవ్వింది. "ఉత్తరం రాశారంటే చదివారన్నమాట. అదే పదివేలు."

ఆ పుస్తకం కథ కొంచెం చెప్పుకోవాలి. నాయనమ్మ నలభయ్యో ఏట ఉతుకుగది ఆడవాళ్లతో కలిసి సాయంకాలం క్లాసులో అక్షరాలు నేర్చుకుంది. ఉద్యోగం విరమించాక, వాడేసిన ఆసుపత్రి చీటీల వెనక తన బతుకంతా రాసుకుంది. పాత నర్సు ఒకావిడ అవి చూసి, పట్టుబట్టి నిరుడు అచ్చు వేయించింది. పేరు 'ఉతుకుగది'. అట్ట మీద రాసినవారు: దుప్పట్లమ్మ. ఇంటికి పది ప్రతులొస్తే తొమ్మిదింటిని నాయనమ్మ తనతో పనిచేసినవాళ్లకి పంచింది. పదోది నాన్న బీరువాలో ఉంటుంది. ఆ దుప్పట్లమ్మ తమ ఇంటి మనిషని బడిలో చెప్పొద్దని నాన్న నిరుడే ఆజ్ఞ వేశాడు. పిడుగు ఎందుకని అడిగితే, "ఎందుకంటే ఎందుకే" అన్నాడు. మేనేజర్లు కారణాలు చెప్పరు.

"బీరువాలో ప్రతి తీసుకెళ్తున్నా నాన్నా," అంది పిడుగు.

నాన్న ఏదో అనబోయి, టైముకేసి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

* * *

పిడుగు వాళ్ల భాష టీచరుకి ఒక పద్ధతి ఉంది. చర్చల్లో ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పడానికి వీల్లేదు. చీటీ తీయాలి. చీటీలో ఏ పక్షం పడితే ఆ పక్షాన నిలబడి మాట్లాడాలి. "మీ అభిప్రాయాలు నాకు మొదటి రోజే తెలిసిపోయాయి. ఎదుటివాడి బూట్లలో మీ కాళ్లు పడతాయో లేదో చూద్దాం" అనేవారావిడ.

పిడుగుకి 'తగదు' అని పడింది. ఆ చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, నాన్న సంతోషిస్తాడులే అని సర్దుకుంది. 'తగును' పక్షానికి నాయకురాలు ఎదురు బెంచీ అమ్మాయి. దాని పేరే లాయరు. ఇంట్లో అమ్మతో తగాదా పెట్టుకున్నా "పాయింటు నంబరు ఒకటి" అని మొదలుపెట్టే రకం.

టీచరు తెప్పించిన ప్రతులు క్లాసంతా ముందే చదివేసింది, ఇంట్లో ఒకటుందని పిడుగు మాత్రం తీసుకోలేదు. చర్చ జోరుగానే సాగింది. 'తగదు' పక్షాన ఒకడు లేచి, "ఏడుపు పాఠాలు చదివితే నాకు ఆకలేస్తుంది టీచర్, తర్వాత క్లాసు మీద దృష్టి నిలవదు" అన్నాడు. ఇంకో అమ్మాయి, "మా ఇంట్లో కష్టాలు మాకున్నాయి. బడికొచ్చేదే వాటిని మర్చిపోవడానికి. ఇక్కడ కూడా అవేనా?" అంది. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

'తగును' పక్షాన లాయరు లేచింది. "పాయింటు నంబరు ఒకటి. ఈవిడ జాలి కోసం రాయలేదు. తన తప్పు తానే ఒప్పుకుంది. కష్టాలు చెప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు, తప్పు చెప్పుకునేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? అరవై నాలుగో పేజీ చూడండి." గొంతు సవరించుకుని చదివింది. "'దొంగతనం వాడిది కాదు, అబద్ధం నాది. ఆ అబద్ధం ఎన్ని సార్లు ఉతికినా పోలేదు.'"

పిడుగు గబగబా తన ప్రతి తిప్పింది. యాభై తొమ్మిది. ఆ తర్వాత అరవై ఆరు. మధ్యలో ఒక్కటే దళసరి ఆకు, అట్టముక్కలా. ఇదివరకూ చూసింది దాన్ని. ప్రెస్సువాళ్లు సరిగ్గా కుట్టలేదు, పేజీలు ఎగిరిపోయాయి అని నాన్న చెబితే నమ్మేసింది. అందరి చేతుల్లోనూ ఉన్న పేజీలు ఒక్క తన చేతిలోనే లేవు.

"నీ జవాబు?" అన్నారు టీచరు.

పిడుగు ఇంకా పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతూనే ఉంది. అంతలో గంట కొట్టారు. "మిగతాది రేపు. రేపు మధ్యాహ్నం చేతులెత్తించి, మీ తీర్పు పెద్ద టీచరుకి పంపుతాను. అదే ఖాయం," అన్నారు టీచరు.

దారి పొడుగునా పిడుగు ఆ దళసరి ఆకు అంచు గోటితో గీరుతూనే నడిచింది.

* * *

నాయనమ్మ వేళ్లతో ఆకుని ఒకసారి తడిమింది. వాసన చూసింది.

"ఇది ప్రెస్సు పని కాదే. ఆఫీసు గమ్ము. నాలుగు ఆకులు ఒకదానికొకటి అంటించారు."

"ఎవరు?" అంది పిడుగు, జవాబు తెలిసే.

నాయనమ్మ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. ఆ పేజీల్లో ఏముందో ఆవిడ చూడక్కర్లేదు. కోడలు టీ ఇస్తే వద్దంది. టీ వద్దనడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు.

ఆరింటికి నాన్న వచ్చాడు. బల్ల మీద పుస్తకం చూశాడు. చెప్పులు విప్పకుండా అలాగే నిలబడిపోయాడు.

"నాన్నా, ఈ పేజీలు నువ్వే అంటించావా?" అంది పిడుగు.

"పెద్దవాళ్ల విషయాల్లో తల దూర్చకు."

"క్లాసులో నలభై మందీ చదివేశారు. చదవనిది నేనొక్కదాన్నే. నేను దూర్చేదేముంది?"

నాన్న ముఖం పాలిపోయింది. "అందుకే వద్దన్నాను. అందుకే ఉత్తరం రాశాను."

అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "ఆ ఉత్తరం మీరు రాశారా? ఏవండీ, కన్నతల్లి పుస్తకం మీద?"

"నేనే రాశాను. ఏం చెయ్యమంటావు?" అని నాన్న తల్లి వైపు తిరిగాడు. ఆయన గొంతు పెంచడం ఆఫీసులో మామూలేమో కానీ, తల్లి ముందు ఎప్పుడూ లేదు. "అమ్మా, నువ్వు రాసుకో. నీ కష్టం నువ్వు రాసుకో, నేను కాదన్నానా? కానీ నన్నెందుకు రాశావు? తొమ్మిదేళ్లప్పుడు ఆకలేసి ఎవరో రోగి పళ్లెంలో బ్రెడ్డు తీసుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్లయింది. నేను మర్చిపోదామనుకుంటుంటే నువ్వు అచ్చు వేయించి పంచిపెట్టావు. రేపు నా కూతురు క్లాసులో నన్ను దొంగ అని చదువుతారు."

"అంతవరకే చదివావా?" అంది నాయనమ్మ నెమ్మదిగా.

"అంతవరకు చాలదా? నా పేరు పెట్టి బ్రెడ్డు దొంగ అని చాటింపు వేయించలేదు, అంతే కదా మిగిలింది."

"చాలదురా. అరవయ్యో పేజీలో ఆగావు. నేను రాసింది అరవై ఐదో పేజీ కోసం." నాయనమ్మ లేచింది. "పిడుగూ, ఇస్త్రీపెట్టె పెట్టు. పల్చటి గుడ్డ ఒకటి తడిపి పిండుకురా."

"అమ్మా, వద్దు. పెట్టకే పిడుగూ," అన్నాడు నాన్న.

పిడుగు పెట్టింది. పుట్టి ఇన్నేళ్లలో తండ్రి మాట వినకపోవడం కొత్తేమీ కాదు కానీ, భయపడుతూ వినకపోవడం మాత్రం కొత్త.

నాయనమ్మ తడిగుడ్డ ఆ ఆకు మీద పరిచి, గోరువెచ్చని పెట్టెని ఆనీ ఆననట్టు తిప్పింది. ఆవిరి లేచింది. మొద్దు చాకు కొస అంచులోకి పెట్టి ఊరుకుంది. తొందరపడలేదు. "రక్తం మరకైనా గమ్మైనా ఒకటే. లాగితే చిరుగుతుంది. నానబెడితే అదే వదులుతుంది," అంది, ఎవరికి చెబుతున్నదీ చూడకుండా. పావుగంటకి మొదటి ఆకు విడింది. తర్వాత రెండోది. అక్కడక్కడ ఒక అక్షరం చెరిగింది, అంతే. మూడోది విడిపోయేసరికి నాన్న చెప్పులతోనే గది మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

నాయనమ్మ ఇంకా వెచ్చగా ఉన్న పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. "చదువు. లోకమంతా చదివి నువ్వు చదవకపోతే నేను రాసింది దండగ."

ఆయన చదివాడు. పిడుగు పక్కనే మునివేళ్ల మీద లేచి, ఆయన భుజం మీంచి చదివింది.

'వార్డు పెద్దావిడ మా వాణ్ని చెవి పట్టుకుని ఉతుకుగదిలోకి ఈడ్చుకొచ్చింది. ఎవరి పిల్లాడు వీడు, చెప్పండి, వాళ్ల ఉద్యోగం ఇవాళ్టితో సరి అంది. అప్పటికి నేను చేరి నాలుగు నెలలు. ఈ ఉద్యోగం పోతే ఇద్దరికీ తిండి లేదు. పదకొండు మంది ఆడవాళ్లం వరసగా నిలబడ్డాం. నా వంతు వచ్చింది. వీడెవరో నాకు తెలియదు అన్నాను. నా నోటితోనే అన్నాను. వాడు నా కళ్లలోకి చూశాడు. ఒక్క మాట, అమ్మా అంటే, అంతా అయిపోయేది. వాడు అనలేదు. నోరు మూసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ రోజు దొంగతనం వాడిది కాదు, అబద్ధం నాది. ఆ అబద్ధం ఎన్ని సార్లు ఉతికినా పోలేదు. నా ఉద్యోగాన్ని ముప్పై ఒక్క ఏళ్లు నేను చేశాననుకుంటారు అందరూ. దాన్ని ఆ పూట నిలబెట్టింది తొమ్మిదేళ్ల పిల్లాడు. ఇంటికొచ్చాక వాడూ ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. వాడి ముందు నోటితో చెప్పలేనని ఇక్కడ రాస్తున్నాను. నాయనా, నన్ను క్షమించు.'

నాన్న పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ ఒక్క పూట అబద్ధాన్ని ఒక జీవితకాలం మోసింది తనొక్కడే అనుకున్నాడు. తల్లి కూడా అదే మూట అదే ఇంట్లో మోస్తున్నదని ఆయనకి ఇన్నాళ్లూ తెలియదు పాపం.

నాయనమ్మ ఇస్త్రీపెట్టె ఆపి కూర్చుంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం పిడుగు మొదటిసారి చూసింది.

"ఏమీ అనలేదే వాడు," అంది నాయనమ్మ.

"మీ అబ్బాయి ఆఫీసులో ఒక సంతకానికే మూడు రోజులు తీసుకుంటారు అత్తయ్యా," అంది అమ్మ, ఆవిడ పక్కన నేల మీద కూర్చుంటూ. "దీనికి కొంచెం టైమివ్వండి."

* * *

తెల్లారి పిడుగు లేచేసరికే నాన్న వెళ్లిపోయాడు. ఆయన చొక్కా ఇస్త్రీ లేకుండానే వేసుకెళ్లాడని చూసి నాయనమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది.

పిడుగు బడి సంచీ భుజానికి తగిలించుకుని ఆవిడ ముందు నిలబడింది. "చెప్పులేసుకో నాయనమ్మా. బడికి పోదాం."

"నేనెందుకే? మీ నాన్న వద్దన్నాడు కదా."

"నీ పుస్తకం మీద తీర్పు. నువ్వు లేకుండా ఎట్లా? నాన్న తిడితే నేను పడతాలే."

మధ్యాహ్నం క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న ముసలావిణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి నాయనమ్మో ఫీజు విషయం మాట్లాడటానికి వచ్చి ఉంటుందనుకున్నారు. టీచరుకి మాత్రం పిడుగు ముందే చెవిలో చెప్పింది. అప్పట్నుంచీ ఆవిడ చేతిలో సుద్దముక్క రెండు సార్లు కింద పడింది.

పిడుగు లేచింది.

"నా చీటీలో 'తగదు' అని ఉంది. కాబట్టి తగదనే చెబుతాను. ఈ పుస్తకం మన సిలబస్‌లోకి వస్తే ఏమవుతుంది? పరీక్షలో ప్రశ్న వస్తుంది. రచయిత్రి పడిన కష్టాలు ఐదు రాయుము. అయిదు మార్కులు. మనం బట్టీ పడతాం. ఒకటి, ఆకలి. రెండు, బాయిలర్ వేడి. మూడోది మర్చిపోయి పక్కవాడిని గిల్లుతాం. ఒక మనిషి నలభై ఏళ్లు నోటితో చెప్పలేక రాసుకున్న సంగతిని మనం గైడులో గీతలు కొట్టుకుని చదువుతాం. లేత మనసులు దెబ్బతింటాయని ఎవరో ఉత్తరం రాశారట. మన మనసులకేం కాదు. దెబ్బ తగిలేది ఈ పుస్తకానికి. అందుకని తగదు."

క్లాసంతా చప్పట్లు. లాయరు కూడా కొట్టి, తను ఎదుటి పక్షమని గుర్తొచ్చి ఆపేసింది. తర్వాత లేచి, "పాయింటు నంబరు ఒకటి," అని ఆగింది. "అయితే పరీక్ష తీసేద్దాం. పుస్తకాన్ని ఎందుకు తీసెయ్యాలి?"

పిడుగు తన చీటీ మడిచి జేబులో పెట్టేసింది. "ఇంకోటి చెప్పాలి," అంది. "నేను ఇన్నాళ్లూ దాచాను. దుప్పట్లమ్మ మా నాయనమ్మ. వెనక కూర్చుంది."

నలభై తలలు ఒక్కసారి తిరిగాయి. నిన్నటి ఆకలి పిల్లాడు బెంచీ ఎక్కి మరీ చూశాడు. నాయనమ్మ లేవాలో కూర్చోవాలో తెలియక సగం లేచింది. నిన్న కష్టాల్ని మర్చిపోవడానికి బడికొస్తానన్న అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది.

"అమ్మమ్మా, ఆ అబ్బాయి మిమ్మల్ని క్షమించాడా?"

నాయనమ్మ కొంగు సర్దుకుంది. "నాకు తెలియదు తల్లీ. వాడు నిన్ననే చదివాడు."

"ఇవాళ జవాబు చెబుతాడు," అన్న మాట గుమ్మంలోంచి వినిపించింది.

నలిగిన చొక్కాతో నాన్న నిలబడి ఉన్నాడు. పక్కన పెద్ద టీచరు, ఇద్దరూ చర్చ విన్నట్టే ఉంది. ఉత్తరం వెనక్కి తీసుకోవడానికి పొద్దున్నే వచ్చి, ఆవిడ గది ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. తల్లి లోపలే ఉందని అక్కడే తెలిసింది. ఆయన క్లాసులోకి వచ్చి టీచరుకి నమస్కారం పెట్టాడు. నలభై మంది పిల్లల ముందు నిలబడటం ఏ మేనేజరుకైనా కష్టమే.

"ఆ పిల్లాడు నేనే," అన్నాడు. "ఈ పుస్తకం వద్దని ఉత్తరం రాసింది కూడా నేనే. చదవకుండా రాశాను. మీరు చదివి మాట్లాడారు, మీరే నయం. కానీ ఇందులో ఒక తప్పుంది. అది దిద్దిపోదామని వచ్చాను."

నాయనమ్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఉద్యోగం కాపాడటానికి నేను అమ్మా అని పిలవలేదని మా అమ్మ రాసింది. అంత గొప్పవాణ్ని కాదు నేను. అప్పుడు నా నోటి నిండా బ్రెడ్డు ఉంది. మింగితే దొరికిపోతానని బుగ్గన పెట్టుకున్నాను. మాట ఎట్లా వస్తుంది?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత క్లాసంతా పకపకా నవ్వింది. నాన్న కూడా నవ్వి, తల్లి వైపు తిరిగాడు.

"ఆ బ్రెడ్డు గేటు బయట మింగాను. తర్వాత పిలుద్దామని వెనక్కి చూశాను, తలుపు వేసేశారు. అమ్మా, నేను దొంగనని సిగ్గుపడి నువ్వు నన్ను కాదన్నావనుకున్నానే ఇన్నాళ్లూ. నీ మీద కోపం లేదు. నా మీదే ఉండేది. నువ్వు క్షమించమనడమేంటి, తెలియదని నువ్వు ఆ ఒక్క మాట అనకపోతే నేను బతికేవాణ్నా?"

నాయనమ్మ బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. మోకాళ్ల నొప్పులావిడ, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కొడుకు ముందు నిలబడి, ముందు అలవాటుగా చొక్కా కాలరు సర్దింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని పెద్ద టీచరు వైపు తిరిగింది. బాయిలర్ చప్పుడు మీంచి వినబడేలా మాట్లాడటం నేర్చిన గొంతు అది, పక్క క్లాసులకి కూడా వినిపించింది.

"వీడు నా కొడుకండీ. మా వాడే."

పిల్లలు లేచి నిలబడ్డారు. ఎవరు ముందు లేచారో తెలియదు. టీచరు చేతులెత్తండి అనడానికి నోరు తెరిచేలోపే చేతులు లేచిపోయాయి. 'తగదు' చీటీ పడ్డవాళ్లవి కూడా. లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. పెద్ద టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పరీక్ష లేకుండా చదువుతామంటే ఇంత సంబరమా?" అన్నారు. "సరే, చదవండి. ప్రశ్నలు ఉండవు."

ఆ మాటకి లేచిన కేక విని పక్క క్లాసు టీచరు పరుగెత్తుకొచ్చారు.

పిడుగు ఆ చర్చలో ఘోరంగా ఓడిపోయింది. ఓడినవాళ్లు అంత ఆనందంగా ఎగరడం ఆ బడి ఎప్పుడూ చూడలేదు. బడి గేటు దాటాక నాయనమ్మ కొడుకు చెయ్యి వదల్లేదు. నలభై ఎనిమిదేళ్ల మేనేజరు వీధి మధ్యలో తల్లి చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఎదురైన వాళ్లందరికీ తనే ముందుగా, "మా అమ్మండీ, పుస్తకం రాసింది," అని చెప్పుకుంటూ వెళ్లాడు.